వంతు తెలిసిన ఊరు
(మహానగరంలోనూ దాని శివారుల్లోనూ పల్లెతనం: నరసాపురం స్మారకోపన్యాస పాఠం)

1. ఊరు అనే మాట

తెలుగులో ‘ఊరు’ అనే మాటకు కొలత లేదు. వంద గడపల పల్లెకూ, లక్షల జనం బతికే రాజధానికీ అదే మాట సరిపోతుంది. ‘మీదే ఊరు’ అన్న ప్రశ్నకు పేరుపాలెం అని చెప్పినా, హైదరాబాదు అని చెప్పినా భాషకు అభ్యంతరం ఉండదు. అయితే ఇదే మాటకు ఇంకో వాడుక ఉంది. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఇల్లు కొనుక్కొని, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అక్కడే జరిపించుకొని, ఓటు కూడా అక్కడే రాయించుకున్న కుటుంబం సంక్రాంతికి ‘ఊరెళ్తున్నాం’ అన్నప్పుడు, ఆ ఊరు వారు ఉంటున్న ఊరు కాదని వినేవారికి విడమరచి చెప్పనక్కర్లేదు. మొదటి వాడుకలో ఊరంటే జనావాసం. రెండో వాడుకలో ఊరంటే మనిషికి హక్కూ బాధ్యతా రెండూ ఉన్న చోటు.

ఈ రెండో అర్థాన్ని తరచి చూస్తే దాని అడుగున మరో తెలుగు మాట కనిపిస్తుంది. అది ‘వంతు’. గోదావరి డెల్టాలో రబీ కాలంలో, అంటే రైతులు దాళ్వా అని పిలిచే రెండో పంట కాలంలో, నదిలో నీరు తగ్గినప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. ఒక కాలువ కింది పొలాలు తడిసేటప్పుడు పక్క కాలువ రైతు ఓర్చుకుంటాడు, ఆ తరువాత ఆయన వంతు వస్తుంది. వంతు అంటే వాటా, వంతు అంటే వరుస, వంతు అంటే ఎవరి పాలికి వచ్చిన పని వారు చేయడం కూడా. అమ్మవారి జాతరకు చందా ఇవ్వడం, బోదె, అంటే పొలాలకు నీరు తెచ్చే పిల్లకాలువ, పూడిక తీయడానికి మనిషిని పంపడం, చావింటి గడపలో నిలబడి నాలుగడుగులు పాడె మోయడం, ఇవన్నీ వంతులే. పల్లెతనం అనేది పొలాల పచ్చదనంలోనో పెంకుటిళ్లలోనో కాక ఈ వంతుల ఏర్పాటులో ఉందనీ, అందుచేతనే అది మహానగరం నడిబొడ్డున నిలిచి ఉండగలదనీ, పొలాల మధ్యనున్న పల్లెలోనే అంతరించిపోనూగలదనీ నిరూపించడం ఈ ఉపన్యాసం పూనుకున్న పని.

2. శాస్త్రకారుల వాదం

పల్లెనూ నగరాన్నీ ఎదురెదురుగా నిలబెట్టి చూడడం సామాజిక శాస్త్రంలో పాత అలవాటు. జర్మన్ పండితుడు ఫెర్డినాండ్ టోనీస్ 1887లో ప్రచురించిన గ్రంథంలో మానవ సంబంధాలను రెండుగా విభజించి, పుట్టుకతోనూ పొరుగుతోనూ ఏర్పడే సముదాయం ఒకటనీ, అవసరంతోనూ ఒప్పందంతోనూ ఏర్పడే సమాజం మరొకటనీ ప్రతిపాదించాడు. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ వర్త్ 1938లో రాసిన వ్యాసంలో, జనసంఖ్య, జనసాంద్రత, జనంలోని వైవిధ్యం అనే మూడూ పెరిగేకొద్దీ మనుషుల మధ్య పరిచయం పలచబడి నగర జీవనమనే వేరొక జీవన విధానం ఏర్పడుతుందని వాదించాడు.

రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఈ వాదానికి క్షేత్ర పరిశీలనలే సమాధానం చెప్పాయి. మైకేల్ యంగ్, పీటర్ విల్మాట్ 1957లో తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్ గురించి రాస్తూ, ప్రపంచంలోని అతి పెద్ద నగరాల్లో ఒకదాని మధ్యన తల్లీ కూతుళ్లూ, అన్నదమ్ములూ రెండు వీధుల దూరంలో బతుకుతూ ఒకరికొకరు ఆసరాగా ఉన్న తీరును నమోదు చేశారు. అదే కుటుంబాలు శివారులో కొత్తగా కట్టిన గృహ సముదాయానికి తరలినప్పుడు ఇల్లు మెరుగైనా ఆ ఆసరా తెగిపోయిందని కూడా వారే చూపించారు. హెర్బర్ట్ గాన్స్ 1962లో బోస్టన్ నగరంలోని ఇటాలియన్ వలసదారుల పేట గురించి రాసిన పుస్తకానికి ‘నగరపు పల్లెవాసులు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పుస్తకం వచ్చేనాటికే పునర్నిర్మాణం పేరిట ఆ పేటను కూల్చివేశారు. పల్లెతనాన్ని చెరిపివేసేది నగరపు పరిమాణం కాదని, మనుషుల మధ్య వంతులను లెక్కచేయని ప్రణాళిక అని ఈ రెండు పుస్తకాలూ కలిపి చదివితే బోధపడుతుంది.

3. శామీర్‌పేట: పుస్తకానికెక్కిన పల్లె

ఈ చర్చకు తెలుగు నేలమీదే గట్టి ఆధారముంది. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న శామీర్‌పేటను 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం ఒకటి పరిశీలించగా, ఆ పరిశీలనను ఆధారం చేసుకొని శ్యామాచరణ్ దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడింది. కులాల మధ్య పనుల పంపకం, కుటుంబ బంధాలు, పండుగలూ మొక్కులూ, జీవన ప్రమాణాలు, మారుతున్న కాలం అన్న విషయాలను ఒక్కొక్కటిగా తీసుకొని ఒక తెలుగు పల్లెను సమగ్రంగా చిత్రించిన ఈ గ్రంథం, భారతీయ గ్రామ అధ్యయనాలకు తొలి మెట్లలో ఒకటిగా నిలిచింది. స్వతంత్ర భారతపు పల్లెను ప్రపంచానికి పరిచయం చేయడానికి దూబే ఎంచుకున్న ఊరు రాజధాని నీడలో ఉన్న ఊరు కావడం గమనించదగినది. పట్నం గాలి సోకని పల్లె అనేది అప్పటికే ఊహామాత్రం అవుతూ వచ్చింది.

నేడు శామీర్‌పేట మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఉంది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. టీకాలు, మందులు తయారుచేసే పరిశ్రమల సమూహమైన జీనోమ్ వ్యాలీ ఆ పరిసరాల్లోనే పెరిగింది. నగరాన్ని చుట్టి వచ్చే 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఆ ఊరి పక్కనుంచే సాగుతుంది. పెద్ద చెరువు మాత్రం నిలిచి ఉంది, అయితే దాని చుట్టూ చేరే మనుషులు మారారు. ఒకనాడు తూము ఎత్తడానికీ అలుగు చూడడానికీ కట్టమీదికి వచ్చేవారు ఊరివారు. ఇప్పుడు సెలవురోజున కట్టమీదికి వచ్చేవారిలో ఎక్కువమంది సాయంత్రపు గాలికోసం నగరం నుంచి వచ్చినవారు. తూము అంటే చెరువునుంచి కాలువలోకి నీరు వదిలే ద్వారం, అలుగు అంటే నిండిన చెరువు పొర్లి పోవడానికి కట్టిన దారి; ఈ రెండింటినీ కనిపెట్టి చూసే నీరటి అనే ఉద్యోగి తెలంగాణ పల్లెల్లో ఉండేవాడు. చెరువు చూడముచ్చటగా మిగిలింది కాని, చెరువుతో మనిషికి ఉండే వంతు సడలిపోయింది. శామీర్‌పేటలో వచ్చిన మార్పు సారాంశం ఇదే.

4. కట్ట లేని చోట కట్ట మైసమ్మ

హైదరాబాదును నగరం మింగిన పల్లెల సమూహంగా చూడడం అతిశయోక్తి కాదు. 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు పాత నగరపాలక సంస్థలో 12 పురపాలక సంఘాలు కలిశాయి; వాటిలో కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, అల్వాల్, మల్కాజ్‌గిరి, ఉప్పల్ కలాన్ వంటి పేర్లన్నీ ఊళ్ల పేర్లే. ‘కలాన్’ అంటే పారసీకంలో పెద్దది, ‘ఖుర్ద్’ అంటే చిన్నది. రెవెన్యూ లెక్కల్లో ఒకే పేరుగల రెండు గ్రామాలను వేరుచేయడానికి పెట్టిన ఈ గుర్తులు నేటికీ బస్సు బోర్డులమీద తిరుగుతున్నాయి. 1998లో సైబర్ టవర్స్ భవనం లేచిన మాదాపూర్, దాని చుట్టూ ఉన్న కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అన్నీ ఒకప్పుడు పొలాలూ బండలూ ఉన్న పల్లెలు. అద్దాల మేడల వెనక సందుల్లో గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల కోసం విడిచిన పాత నివేశన స్థలం, ఇప్పటికీ తన వంకర వీధులతో కనిపిస్తుంది.

ఈ పల్లెలు తమ ఉనికిని అన్నిటికంటే స్పష్టంగా చాటుకునేది ఆషాఢమాసపు బోనాల్లో. భోజనం అనే మాటనుంచి వచ్చిన బోనం, అన్నం వండిన కుండను పసుపు కుంకుమలతో వేపమండలతో అలంకరించి, పైన దీపం పెట్టి, స్త్రీలు తలమీద మోసుకుపోయి అమ్మవారికి సమర్పించే నైవేద్యం. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడికీ, ఆపై లాల్‌దర్వాజకూ సాగే ఈ వేడుకను తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించింది. పోతరాజు కొరడా ఝళిపిస్తూ ముందు నడవడం, ఊరేగే ఘటం, పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ రాబోయే ఏడాది మంచిచెడులు చెప్పే రంగం, ఇవన్నీ పొలిమేరకు కాపలా కాసే దేవతను ఊరంతా కలిసి తృప్తిపరిచే పల్లె కర్మకాండలోని అంగాలే. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ అనే పేర్లు నగరపు పటంలో ప్రతి పాత బస్తీకీ పొలిమేర రాళ్లలా నిలబడ్డాయి.

ఈ దేవతలలో కట్ట మైసమ్మ చరిత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కట్ట అంటే చెరువుగట్టు. గట్టు తెగకుండా కాచే తల్లి కట్ట మైసమ్మ. హైదరాబాదు నగరం 1591లో వెలిసింది, హుస్సేన్‌సాగర్ 1562లో తవ్వినది; అంటే చెరువు నగరం కంటే 29 ఏళ్లు పెద్దది. దక్కను పీఠభూమిలో పైచెరువు అలుగు పొర్లితే కింది చెరువు నిండేలా వరుసగా కట్టిన గొలుసుకట్టు చెరువులే ఈ నేలకు జీవం. పైఊరు నీటిని ఎంత ఆపుకోవాలి, కిందిఊరికి ఎంత వదలాలి అనే వంతు ఆ గొలుసులోనే ఇమిడి ఉంది. నగరం విస్తరించినప్పుడు శిఖం భూమి, అంటే నీరు తగ్గినప్పుడు బయటపడే చెరువు కడుపులోని నేల, ఇళ్ల స్థలాలుగా మారింది. కాలువలు మురుగు నాలాలయ్యాయి. అనేక చోట్ల గట్టు రోడ్డయింది. మైసమ్మ గుడికి మాత్రం కొత్త గోపురం, పాలరాతి పలకలు వచ్చాయి. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి నగరంలో చెరువుల కట్టలు తెగి కాలనీలు నీట మునిగినప్పుడు బయటపడింది ఈ లోపమే. దేవతకు ఇచ్చే వంతును నగరం శ్రద్ధగా నిలుపుకొని, ఆ దేవత దేనికి కాపలాయో దానికి ఇవ్వవలసిన వంతును మరచిపోయింది. పల్లెతనం ఆచారంగా మాత్రమే మిగిలిన చోట ఊరి రూపం ఉంటుంది, ఊరి రక్షణ ఉండదు.

5. నరసాపురం నుంచి లింగంపల్లికి

మహానగరంలో రెండో రకం పల్లెతనం నగరం మింగిన గ్రామాల్లోది కాదు, వలసవచ్చినవారు మూటగట్టి తెచ్చుకున్నది. నరసాపురంలో బయలుదేరి పాలకొల్లు, భీమవరం, గుడివాడ, విజయవాడ మీదుగా రాత్రంతా నడిచే ఎక్స్‌ప్రెస్ రైలు తెల్లవారేసరికి డెల్టా జనాన్ని హైదరాబాదు పశ్చిమ శివారైన లింగంపల్లిలో దింపుతుంది. ఒక పురానికీ ఒక పల్లికీ మధ్య ఈ రైలు మోసేది మనుషులతోపాటు బియ్యం బస్తాలు, పచ్చళ్ల జాడీలు, పెళ్లి శుభలేఖలు. లింగంపల్లిలో దిగినవారికి 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లున్నాయి. మియాపూర్ నుంచి 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో ఉంది. ఇలా రోజూ శివారునుంచి నగర మధ్యానికి పోయి రాత్రికి ఇల్లు చేరే జీవితం గడిపే లక్షలమందికి, ఆ శివారు ఊరవుతుందా, పడక మాత్రమే అవుతుందా అన్నది నిజమైన ప్రశ్న.

వలసవచ్చినవారు వంతులను వదులుకోలేదు, వాటి దారి మార్చుకున్నారు. ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పగానే వరస కలిపి ‘బాబాయ్’ అనో ‘వదినగారూ’ అనో పిలుచుకోవడం, అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు నేర్చుకోవడానికి వచ్చిన ఊరి కుర్రవాడికి నాలుగు నెలలు ఇంట్లో చోటివ్వడం, ఆసుపత్రిలో ఉన్నవారికి క్యారేజీ పంపడం, కార్తికమాసంలో వనసమారాధనలకు కలవడం, ఇవన్నీ డెల్టా పల్లెల వంతులే కొత్త నేలమీద చిగురించడం. కాని ఈ వంతులు మనిషికీ మనిషికీ మధ్యవి, నేలకు సంబంధించినవి కావు. నిజాంపేటలో ఉండే కుటుంబం నరసాపురం జాతరకు చందా పంపుతుంది. తాను మురుగు వదిలే నిజాంపేట చెరువు పేరు అడిగితే తడుముకుంటుంది. స్థానికుడి దగ్గర దేవత మిగిలి చెరువు పోయినట్టే, వలసదారు దగ్గర బంధువులు మిగిలి నేల పోయింది. ఈ రెండు సగాలూ ఒకే వీధిలో పక్కపక్కన ఉంటూ కలవకపోవడమే మహానగరపు పల్లెతనంలోని లోటు.

వనసమారాధనలు చాలావరకు కులాలవారీగా జరుగుతాయన్న నిజాన్ని ఇక్కడే చెప్పుకోవాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ గ్రామాన్ని ఆదర్శంగా భావించడాన్ని తీవ్రంగా ఖండించారు. అందులోని సంకుచితత్వాన్నీ అజ్ఞానాన్నీ ఎత్తిచూపి, రాజ్యాంగం గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. డెల్టా గ్రామాల్లో దళితులు నివసించే భాగాన్ని నేటికీ ‘పేట’ అని వేరుగా పిలుస్తారు. ఊరికి వంతు ఉన్నట్టే పేటకు వెట్టి ఉండేది. వెట్టి అంటే ప్రతిఫలం లేకుండా, కాదనే హక్కు లేకుండా చేయవలసి వచ్చిన వంతు. అలాంటి ఊరినుంచి నగరానికి వెళ్లినవారికి ఎవరూ ఇంటిపేరు అడగని వీధి విముక్తినిచ్చింది. కాబట్టి పల్లెతనాన్ని కాపాడుకోవాలనే కోరిక న్యాయమైనది కావాలంటే, నగరం ఇచ్చిన ఆ విముక్తిని వెనక్కి తీసుకోని వంతులను మాత్రమే కోరుకోవాలి. అందరికీ సమానంగా పడే వంతు పల్లెకు ప్రాణం. కొందరికే పడే వంతు పల్లెకు మచ్చ.

6. డెల్టా: పట్నమైన పల్లె, పల్లెగా మిగిలిన పట్నం

నగరం పల్లెను మింగడం ఒక దిశ అయితే, పల్లె కదలకుండానే లోకం దానిలోకి రావడం మరో దిశ. నరసాపురం ఈ రెండో దిశకు చరిత్రలో చక్కని ఉదాహరణ. పక్కనే ఉన్న మాధవాయిపాలెం రేవులో 17వ శతాబ్దంలోనే ఐరోపా వర్తకులు స్థావరాలు పెట్టారు. ఆ పాలెం పేరే ‘మడపోలం’గా మారి ఒక నూలు గుడ్డకు పేరై ఐరోపా నిఘంటువులకెక్కింది. ఆ రేవునుంచి ఇప్పటికీ వశిష్ఠ గోదావరిని దాటించే పంటు, అంటే మనుషులనూ బళ్లనూ కలిపి మోసే పెద్ద పడవ, అవతలి ఒడ్డున కోనసీమలోని సఖినేటిపల్లికి రోజూ విద్యార్థులనూ కూలీలనూ చిరు వర్తకులనూ చేరవేస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. నరసాపురం, పాలకొల్లులనుంచి అక్కడికి ఉద్యోగానికీ చదువుకీ రోజూ పోయివచ్చేవారికి ఇది మరో ఎంఎంటీఎస్. భీమవరం ఎంత పట్టణమైనా మావుళ్లమ్మ అక్కడి ‘గ్రామదేవత’ గానే పూజలందుకుంటుంది. పట్టణానికి గ్రామదేవత ఏమిటన్న సందేహం ఎవరికీ రాదు.

ఇళ్లు ఇళ్లతో, ఊళ్లు ఊళ్లతో కలిసిపోయి, వరిచేలూ చేపల చెరువులూ కళాశాలలూ దుకాణాలూ పక్కపక్కన సాగే ఇలాంటి ప్రాంతాలకు, భూగోళ శాస్త్రవేత్త టెరీ మెక్‌గీ ఇండొనేసియా భాషలో పల్లె, నగరం అనే అర్థాలున్న రెండు మాటలు జోడించి ‘దేశకోట’ అనే పేరు పెట్టాడు. జావా ద్వీపపు వరి ప్రాంతాలను చూసి చేసిన ఆ వర్ణన, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత పెరిగిన గోదావరి డెల్టాకూ చాలామేరకు వర్తిస్తుంది.

ఈ మిశ్రమ స్వభావం ప్రభుత్వ లెక్కల్లో ఎలా తప్పిపోతుందో నరసాపురం లేసు చూపిస్తుంది. పురపాలక సంఘం లేని ఊరిని జనగణన పట్టణంగా లెక్కించాలంటే మూడు షరతులున్నాయి: కనీసం 5,000 జనాభా ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ఏడాదిలో ఎక్కువకాలం పనిచేసే పురుషుల్లో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మూడో షరతు పురుషుల గురించే అడుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టూ ఉన్న పల్లెల్లో ఇంటింటికీ పాకి, ఎగుమతి పరిశ్రమ అయింది. అల్లేవారు స్త్రీలు, అమ్మేవారు పురుషులు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధించి 1982లో ప్రచురించిన గ్రంథంలో, ఈ స్త్రీలు ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్నా, వారిని గృహిణులుగానూ వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగానూ చూడడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని నిరూపించారు. ఒక స్త్రీ పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతికి పూర్తి వస్త్రం చేసే ఆ పని విభజన కర్మాగారంలోని విభజనే. కర్మాగారం గోడలు మాత్రం లేవు, అరుగులే ఉన్నాయి. అరుగుమీద నగరపు పని చేస్తూ పల్లె మనిషిగా, ఆ పల్లెలో కూడా పనిలేని మనిషిగా లెక్కకెక్కిన స్త్రీకి, వంతు పని దక్కింది కాని వంతు ఫలం దక్కలేదు. పల్లెతనాన్ని పొగిడే ప్రతి రచనా ఈ అరుగుముందు కాసేపు ఆగి తీరాలి.

7. శివారు

ఇంతవరకు చూసిన మూడు చోట్లలోనూ వంతు మూడు విధాలుగా చీలింది. హైదరాబాదు పాత గ్రామాల్లో ఆచారపు వంతు నిలిచి నీటి వంతు పోయింది. వలసవచ్చినవారిలో బంధుత్వపు వంతు నిలిచి నేల వంతు పోయింది. డెల్టా లేసు ఊళ్లలో శ్రమ వంతు నిలిచి ఫలంలో వంతు పోయింది. ఈ ముక్కలను తిరిగి అతకడం అసాధ్యమేమీ కాదు. కాలనీ సంక్షేమ సంఘాలు లిఫ్టు, కాపలా ఖర్చులతోపాటు తమ కిందున్న చెరువు కట్టనూ అలుగునూ తమ పద్దులోకి తీసుకోవచ్చు. బోనాలు ఎత్తే పాత ఊరివారూ కొత్తగా వచ్చిన ఫ్లాట్లవారూ కలిసి కూర్చోవడానికి కట్ట మైసమ్మ గుడి కంటే తగిన చోటు ఉండదు. పట్టణాన్ని నిర్ణయించే లెక్క స్త్రీల పనినీ అడగవచ్చు. జిల్లా కేంద్రమై పెరుగుతున్న భీమవరం, దాని వెంట పెరగబోయే పాలకొల్లు, నరసాపురం తమ కాలువలను నాలాలుగా మార్చుకోకముందే హైదరాబాదు అనుభవాన్ని చదువుకోవచ్చు.

చివరిగా, ఊరు అనే మాటతో మొదలైన ఈ పరిశీలన మరో మాట దగ్గరికి చేరక తప్పదు. హైదరాబాదులో ‘శివారు’ అంటే నగరపు అంచు, ఇంకా పూర్తిగా నగరం కాని చోటు. డెల్టాలో ‘శివారు’ అంటే కాలువ చిట్టచివరి ఆయకట్టు, పైవారందరూ వాడుకున్నాక నీరు అందవలసిన నేల. కాలువ వ్యవస్థ బాగుందో లేదో తెలుసుకోవడానికి ధవళేశ్వరం దగ్గర నిండుగా పారుతున్న నీటిని చూడడం చాలదని, శివారు పొలం తడిసిందో లేదో చూడాలని ఇక్కడి రైతుకూ, కాలువను కనిపెట్టి చూసే లస్కరుకూ తెలుసు. వశిష్ఠ సముద్రంలో కలిసే అంచున ఉన్న నరసాపురానికి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. మహానగరానికీ ఇదే కొలత పెట్టాలి: దాని చిట్టచివరి కాలనీకి నీరు, అరుగుమీది స్త్రీకి కూలి, పేట మనిషికి గౌరవం వారి వారి వంతున చేరితే అది ఎంత పెద్దదైనా ఊరే. ఆ వంతు చేరనంతకాలం అందులో ముప్పై ఏళ్లు బతికినవారు కూడా సంక్రాంతికి మరో చోటిని ఊరని పిలుస్తూనే ఉంటారు.